రెండు నాల్కల సర్కారు

తెలంగాణలో 2025-27 మద్యం దుకాణాల దరఖాస్తుల గడువును 2025 అక్టోబరు 18 నుంచి 23కు పొడిగించిన తీరు చూస్తే, ఆబ్కారీ శాఖకున్న ఓపిక ఈ రాష్ట్రంలో మరే శాఖకూ లేదని ఒప్పుకోక తప్పదు. పింఛను దరఖాస్తులో ఒక్క కాగితం తక్కువైతే తిప్పి పంపే యంత్రాంగం, తిరిగి రాని రూ.3 లక్షల రుసుము పట్టుకొచ్చేవారి కోసం తలుపులు బార్లా తెరిచి కూర్చుంది. 2,620 దుకాణాలకు అదే నెల 27న జిల్లాల్లో డ్రా తీసింది కలెక్టర్లు. నషా ముక్త్ భారత్ అభియాన్ జిల్లా కమిటీలకు అధ్యక్షులుగా మత్తు మానమని చెప్పవలసిందీ కలెక్టర్లే. మా అభ్యంతరమంతా ఈ రెండు నాల్కల మీదే.

ఈ ప్రహసనం కొత్తది కాదు. నిజాం ఖజానాకూ ఆబ్కారీ ఒక పెద్ద ఆదరువు. ఉమ్మడి రాష్ట్రంలో 1980లలో వారుణి వాహిని పేరిట ప్రభుత్వ సారాను ప్యాకెట్లలో పల్లెలకు పారించిన ఎన్టీఆరే, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలుచేశారు. నడుమ నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు, సర్కారే అచ్చు వేయించిన అక్షరాస్యత వాచకంలో సారా మీది పాఠం చదివి, ఊళ్లో సారా అమ్మకమే ఆపించారు. పాఠం అంత బాగా ఒంటబడుతుందని ప్రభుత్వం అనుకోలేదు కాబోలు. 1997లో నిషేధమూ పోయింది. వ్యంగ్యం రాసేవారికి ఇందులో కల్పించవలసిందేమీ మిగల్లేదు.

ఇళ్లలో జరుగుతున్నది మాత్రం నవ్వుకునేది కాదు. సిరిసిల్ల, జగిత్యాల పల్లెల్లో పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టిన ఇల్లాలు మహిళా సంఘం అప్పు కిస్తీ కోసం బియ్యం డబ్బాలో దాచిన పైసలు, రాత్రికల్లా కిరాణం కొట్టులో ఎమ్మార్పీకి పైన అమ్మే క్వార్టర్ సీసా కింద మారిపోతాయి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో పత్తి అమ్మిన రైతు చేతిలోని నగదు ఇల్లు చేరేలోపే సగమవుతుంది. కిస్తీ తప్పితే సంఘంలో మాట పడేది ఆడమనిషి, పుస్తెలు కుదువ పెట్టేదీ ఆమే, బడి మాని కైకిలికి పోయేది ఆమె బిడ్డ.

నిషేధం పెడితే గుడుంబా బట్టీలు మళ్లీ రాజుకుంటాయని, సంక్షేమానికి డబ్బు కావాలని ప్రభుత్వ పక్షం వాదిస్తుంది. ఆ మాటలో కొంత నిజముంది. కానీ మేమడుగుతున్నది నిషేధం కాదు, నిజాయతీ. బెల్టు షాపుకు లైసెన్సు లేదు. దానికి సరుకు అందేది లైసెన్సున్న వైన్స్ నుంచేనని ఊళ్లో చిన్న పిల్లవాడికీ తెలుసు. ఆబ్కారీ సిబ్బంది చేయవలసిన పనిని కొన్ని గ్రామాల్లో మహిళలే తీర్మానాలు చేసి, జరిమానాలు వేసి చేస్తున్నారు. మద్యనిషేధానికి రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతుంటే, దుకాణాల దరఖాస్తు రుసుమును రూ.2 లక్షల నుంచి రూ.3 లక్షలకు పెంచడమే ఆ కృషి అని సర్కారు భావిస్తున్నట్టుంది.

బెల్టు షాపులకు సరుకు పంపిన వైన్స్ లైసెన్సు రద్దవుతుందని ప్రకటించాలి. ఈ రుసుములో వ్యసన విముక్తి కేంద్రాలకు జిల్లాకు ఎంత ఇస్తారో లెక్క చెప్పాలి. ఆ లెక్కకు నోరు రాని పెద్దలు, మహిళా సంఘాల సభలకు వచ్చి మగవాళ్లను మార్చుకొమ్మని ఆడవాళ్లకు సుద్దులు చెప్పడం ఇకనైనా కట్టిపెట్టాలి.