సవరణ: బ్యాటరీ మార్చడానికి ముందు చూడవలసినవి

సెకండ్‌హ్యాండ్ మోటార్‌సైకిల్ సెల్ఫ్‌తో స్టార్ట్ కాకుండా తరచూ మొరాయిస్తే బ్యాటరీ మార్చాలని ఇదివరకు రాసిన సూచన, ఛార్జింగ్ వ్యవస్థ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఏర్పాటు) సక్రమంగా ఉన్న బండ్లకు మాత్రమే వర్తిస్తుంది. ఆ వ్యవస్థ లోపభూయిష్టంగా ఉంటే కొత్త బ్యాటరీ కూడా కొద్దికాలంలోనే చతికిలబడుతుంది, యజమాని మాత్రం బ్యాటరీ నాసిరకమని అనుకుంటాడు.

పూర్తిగా ఛార్జ్ అయి, కొన్ని గంటలు వాడకుండా ఉంచిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌పై సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజిన్ వేగం పెంచినప్పుడు చాలా బండ్లలో అది 13.5 నుంచి 14.5 మధ్యకు చేరుతుంది. ఎంత రేజ్ చేసినా 13 దాటకపోతే ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే స్టేటర్‌నో, ఆ కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చి అదుపులో ఉంచే రెగ్యులేటర్ రెక్టిఫయర్‌నో, వాటి మధ్యనున్న కనెక్టర్లనో అనుమానించాలి. 15 దాటితే రెగ్యులేటర్ అదుపు తప్పిందని, బ్యాటరీలోని నీరు ఆవిరైపోతోందని గ్రహించాలి. లిథియం బ్యాటరీలకు ఈ అంకెలు యథాతథంగా వర్తించవు.

వీటన్నిటికంటే చౌకగా తేలే లోపం కనెక్టర్లలోనే ఉంటుంది. పచ్చగా చిలుము పట్టిన పిన్నులు, వదులైన ఎర్తు తీగ, మునుపటి యజమాని ముచ్చటపడి తగిలించిన అదనపు హారన్లకూ దీపాలకూ టేపు చుట్టి వదిలేసిన అతుకులు (వీటిని విప్పి చూసే ఓపిక మెకానిక్కులకు అరుదుగానే ఉంటుంది) ముందు పరిశీలించాలి. తాళం తీసేసినా కరెంటు కారిపోతోందేమో తెలుసుకోవడానికి బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, మధ్యలో అమ్మీటరు (కరెంటు కొలిచే మీటరు) పెట్టి చూడాలి.