ఫోన్ ఇచ్చింది ఎవరు?

పిల్లలు ఆన్‌లైన్ ఆటలకు బానిసలైపోయారని, నలుగురితో కలవడమే మరిచిపోయారని పెద్దలు గగ్గోలు పెడుతున్నారు. ఇంతకీ ఆ ఫోన్ వాళ్ల చేతికి ఇచ్చింది ఎవరు?

2020లో బడులకు తాళాలు పడ్డాయి. పెద్దల మీటింగులు నడవాలి, ఇల్లు సద్దుమణిగి ఉండాలి. అప్పుడు ఆటలు ముద్దొచ్చాయి. 2019 మేలో గేమింగ్ వ్యసనాన్ని జబ్బుల జాబితాకెక్కించిన ప్రపంచ ఆరోగ్య సంస్థే, ఏడాది తిరక్కుండా ‘దూరంగా ఉండి కలిసి ఆడండి’ అంటూ గేమింగ్ కంపెనీలు చేపట్టిన ప్రచారానికి వంత పాడింది. అంత పెద్ద సంస్థే రెండు నాలుకలతో మాట్లాడితే ఇళ్లలో అమ్మానాన్నల్ని ఏమంటాం? అనాల్సిందే.

అతిగా ఆడితే నిద్ర, చదువు పాడవుతాయన్న మాట నిజమే, కాదనం. కానీ ఆ రోజుల్లో చాలామందికి తోటిపిల్లల గొంతు వినిపించింది హెడ్‌సెట్‌లోనే. ‘అమాంగ్ అస్’ అనే ఆట 2018లో వచ్చినప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2020లో ఊపేసింది. అందులో ఉన్నదేమిటి? దొంగెవరో తేల్చడానికి అందరూ చేరి వాదించుకోవడం, ఓట్లేసి ఒకణ్ని బయటకు నెట్టేయడం. అచ్చం బడి విరామంలో జరిగే తగువే! కాకపోతే మైదానంలో అలిగినవాడు మర్నాడు మళ్లీ అక్కడికే రావాలి. ముఖం తిప్పుకుని కాసేపు నిలబడి, చివరికి ‘నన్నూ చేర్చుకోండిరా’ అనాలి. తెర మీద అలిగితే ఒక్క నొక్కుతో బ్లాక్, కథ ముగిసింది. ఆ ‘చేర్చుకోండిరా’ అనడమే పిల్లలకు అలవాటు కాలేదు. పక్కన కూర్చుని అది నేర్పాల్సింది ఎవరు? ఫోన్ ఇచ్చినవాళ్లే కదా! కూర్చున్నారా?

కంపెనీల సంగతి చెప్పక్కర్లేదు. ఎపిక్ గేమ్స్ కంపెనీ ఆట ఫోర్ట్‌నైట్‌లో పిల్లలకు సైతం వాయిస్ చాట్ ముందే ఆన్ చేసి, అపరిచితులతో కలిపారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. దీనికీ, తప్పుదోవ పట్టించే వసూళ్ల కేసుకూ కలిపి ఎపిక్ గేమ్స్ 2022 డిసెంబరులో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. చైనా అయితే 2021లో పిల్లల ఆన్‌లైన్ ఆటను శుక్ర, శని, ఆదివారాలకు, సెలవు రోజులకే, అదీ రోజుకు గంటకు కుదించింది. మిగతా గంటల్లో వాళ్లతో ఆడేదెవరో ఏ ఆంక్షా చెప్పదు.

ఇవాళ ఫోన్ లాక్కుని చీవాట్లు పెట్టి, రేపు ఇంటికి ఎవరైనా వస్తే అల్లరి చేయకుండా ఉండటానికి మళ్లీ అదే ఫోన్ చేతిలో పెట్టే పెద్దలకు, పిల్లల వ్యసనం గురించి నోరెత్తే అర్హత లేదు.