పెద్దవాళ్ల మంచం జరపకండి

"జ్ఞాపకశక్తికి నాలుగు సూత్రాలు" అనే ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. కోనసీమలో అది తిరగని ఫ్యామిలీ గ్రూపు లేనట్టుంది. చదువుకున్నవాళ్లే పంపుతున్నారు, అదీ బాధ.

"నెలకోసారి మంచం, బీరువా చోటు మార్చండి, పెద్దల మెదడు చురుకవుతుంది" అట. ఈ ఒక్క ముక్క కోసమే ఇంత రాస్తున్నాను. కరెంటు పోయిన అర్ధరాత్రి కూడా ముసలాళ్లు మంచం దిగి బాత్రూమ్‌కి వెళ్లొస్తున్నారంటే అది చూపు బలం కాదు. ఏ వైపు దిగాలి, ఎన్ని అడుగులకి గోడ చేతికి తగలాలి, గడప ఎక్కడొస్తుంది అన్నవి ఏళ్ల తరబడి నడిచి ఒంటికి పట్టినవి. ఈ అలవాటు అంత తొందరగా పోదు. కొత్త అమరికను నేర్చుకోవాల్సింది మెదడులోని హిప్పోకాంపస్. వయసుతో సన్నగిల్లేది అదే, అల్జీమర్స్ ముందుగా దెబ్బకొట్టే భాగాల్లో అదీ ఒకటి. మంచం జరిపారని పగలు గుర్తున్నా, నిద్రమత్తులో కాళ్లు పాతదారే పడతాయి. ఎదురుగా బీరువా మూల. ఆ మెసేజ్ రాసినవాళ్లు కళ్లకు గంతలు కట్టుకుని పరాయి ఇంట్లో బాత్రూమ్ వెతుక్కుని చూడాలి.

వరదొచ్చో, సున్నాలు వేయించో తప్పనిసరిగా జరపాల్సొస్తే రోజుకి ఒక్క వస్తువే జరపండి. మంచం దిగే వైపు మాత్రం మారకూడదు. పగటి వెలుగులో వాళ్లనే బాత్రూమ్‌కి, అక్కణ్ణుంచి వెనక్కి నాలుగైదుసార్లు నడవనివ్వండి. చెయ్యి పట్టి లాక్కెళితే దారి మీకు వస్తుంది, వాళ్లకి రాదు. చీకటి పడ్డాక ఇంకోసారి నడిపించండి. కరెంటు పోయినా వెలిగే బ్యాటరీ లైటు మోకాలి ఎత్తున పెట్టి, గడప అంచుకి తెల్లరంగు గీత వేయండి. మొదటి వారం ఎవరో ఒకరు ఆ గదిలోనే పడుకోవాలి.

అదే మెసేజ్‌లో ఇంకో మాట: "గడప దాటగానే ఎందుకొచ్చామో మర్చిపోతే మతిమరుపు జబ్బు మొదలైనట్టే." కాదు. చోటు మారగానే మెదడు పాత పనిని పక్కన పెడుతుంది. 2011లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాడ్వాన్‌స్కీ బృందం దీన్ని కాలేజీ పిల్లల్లోనే చూపించింది. సొంతింట్లో బాత్రూమ్ ఎటో తెలియకపోతే, రోజూ వెళ్లే కొట్టు నుంచి ఇంటికి దారి తప్పితే, అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

"ఇంట్లో రోజూ వెనక్కి నడవండి." డెబ్బై ఏళ్లవాళ్లా? గడపలున్న ఇంట్లోనా? తుంటి విరుగుతుంది.

"ఫోన్ మ్యాప్ వాడితే మెదడు కుంచించుకుపోతుంది." ఊళ్లో దారులన్నీ బట్టీపట్టే లండన్ టాక్సీ డ్రైవర్లలో హిప్పోకాంపస్ వెనక భాగం పెద్దదని మెదడు శాస్త్రవేత్త ఎలినార్ మగ్వైర్ 2000లో చూపారు. ఆమె ఫోన్ వాడేవాళ్లని కొలవలేదు. అయినా ఈ నాలుగో మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకోవాల్సిందే. బాణం చెప్పినట్టల్లా తిరిగితే దారి మనసులో పడదు. కారులో పక్కన కూర్చున్నవాళ్లకి దారి గుర్తుండకపోవడానికీ అదే కారణం: మలుపు ఎటో తేల్చుకున్నది వాళ్లు కాదు. రావులపాలెం నుంచి రాజోలు వెళుతుంటే ప్రతి సెంటరు దగ్గరా ముందు ఎటో మీరే అనుకుని, తర్వాతే ఫోన్ చూడండి. కాలువ గట్టు రోడ్లు తెలియకుండానే వంకర తిరిగి దిక్కు తప్పిస్తాయి. అక్కడ నీళ్లు పారే వైపు చూడండి: ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే పంటకాలువ పోయేది సముద్రం వైపే.