పొట్ట పరిరక్షణకు ప్రాతఃకాల నడక

హైదరాబాదీల పొట్టను కాపాడటంలో కేబీఆర్ పార్కు చేస్తున్న సేవకు రావలసిన గుర్తింపు రాలేదు. నడవనివాడు భయానికైనా ఒక దోశ తగ్గిస్తాడు. నడిచొచ్చినవాడికి ఆ భయమూ ఉండదు.

70 కిలోల మనిషి 40 నిమిషాలు చురుగ్గా నడిస్తే కరిగేది 180 కేలరీలు, అటూ ఇటూగా. చురుగ్గా అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మనవాళ్లు కోకాపేటలో గజం రేటుతో మొదలెట్టి అల్లుడి వీసా దాకా ఎక్కడా ఆయాసపడకుండా వచ్చేస్తారు. ఆపైన నెయ్యి కారం దోశ. దానిమీద పోసే రెండు టేబుల్ స్పూన్ల నెయ్యే సుమారు 240 కేలరీలు. దోశనూ చట్నీనీ లెక్కలో వేయడం మర్యాద కాదు.

చాయ్ రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చొప్పున 40 గ్రాముల పంచదార. 25 గ్రాముల లోపుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పాపం, వాళ్లకు ఉస్మానియా బిస్కెట్ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

అసలు ఘనత మాత్రం వంటింటిదే. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో 2000 కేలరీల రోజువారీ పళ్లెం ఎలా ఉండాలో చెప్పింది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400, నూనె 27. మనమూ ఆ అంకెలను గౌరవించాం, కాకపోతే 400 అన్నం వైపు వెళ్లింది, 85 కూర వైపు వచ్చింది. నూనె సంగతి తేల్చుకోవాలంటే క్యాన్ విప్పిన రోజే మూత మీద తేదీ రాయండి. నలుగురున్న ఇంట్లో 5 లీటర్లు నెలకే అయిపోతే తలకు రోజుకు 38 గ్రాములు పడ్డట్టు. ఆ అదనపు 11 గ్రాములు దాదాపు 100 కేలరీలు, అంటే పొద్దున నడిచినదాంట్లో సగానికి పైనే. పోపు గరిటె తీసేసి చెంచాతో కొలిస్తే సరిపోయే పని. కానీ ఇంట్లో యుద్ధం ఎవరిక్కావాలి? అందుకే కొర్రలు తెస్తాం. తూకానికి తూకం కొర్రల్లో కేలరీలు బియ్యానికి దగ్గరదగ్గరే. పీచు ఎక్కువుంది కదా అని కొర్ర బిర్యానీ రెండోసారి వడ్డించుకోవచ్చు.

ఇక కొలత. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ఊపిరి బిగబట్టడం లంచం కిందికే వస్తుంది. ప్యాంటు సైజు సాక్ష్యమూ చెల్లదు. బెల్టు పొట్ట కిందికి జారిపోయింది కాబట్టే పెళ్లినాటి 34 ఈనాటికీ 34గా ఉంది.

బరువు వారానికోసారి, పొద్దున్నే, ఏమీ తినకముందు చూసుకోవాలి. దావత్ మర్నాడు కనిపించే అదనపు కిలోలో చాలావరకు ఉప్పు పట్టి ఉంచిన నీళ్లే, కంగారొద్దు. నడకయ్యాక చెమటలతో తూగి అరకిలో తగ్గానని చెప్పేవారిది కూడా నీళ్లే. ఆ అరకిలో మజ్జిగ గ్లాసుతో తిరిగొస్తుంది.