గ్రిడ్ మార్చాలా, ఫోటో తగ్గించాలా?

పెళ్లి ఫోటోల ఆండ్రాయిడ్ యాప్. ఆల్బమ్ తెరిచి వేలితో పైకి తోస్తే ఆగి ఆగి కదులుతోంది, పెద్ద ఆల్బమ్ అయితే యాప్ దానంతటదే మూసుకుపోతోంది. ఫోటోలు గళ్లుగా కనిపించే ఆ గ్రిడ్‌కి ఇప్పుడు వాడేది రీసైక్లర్‌వ్యూ, అంటే తెర దాటిపోయిన గడినే మళ్లీ వాడుకునే జాబితా. అది తీసేసి, స్క్రీన్లు రాసే కొత్త పద్ధతి కంపోజ్‌లో అంతా తిరగరాద్దామంటాడు కిరణ్, సుజాత ఒప్పుకోదు.

కిరణ్: ఇంకెన్నాళ్లక్కా ఈ రీసైక్లర్‌వ్యూ? 2014లో వచ్చింది. దానికోసం అడాప్టర్, వ్యూహోల్డర్, ఎక్స్‌ఎంఎల్ అని బోలెడు కోడ్... కంపోజ్‌లో లేజీ వర్టికల్ గ్రిడ్, అదే కనిపించే గళ్లే కట్టే గ్రిడ్, పెడితే ఇరవై ముప్పై లైన్లలో అయిపోతుంది.

సుజాత: లైన్లు తగ్గుతాయి, సరే. జర్క్ తగ్గుతుందని ఎవరు చెప్పారు? గడిలోకి ఏం పోతోందో చూశావా? 4000 బై 3000 ఫోటోని ఉన్నదున్నట్టు విప్పి (డీకోడ్ చేసి) పెడుతున్నాం, పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున ఒక్క ఫోటోకే 48 ఎంబీ మెమరీ, చూపించేది మాత్రం 360 పిక్సెళ్ల గడిలో. చెంబుడు నీళ్లకి ట్యాంకర్ తెప్పించినట్టుంది.

కిరణ్: ఫోటోలు లోడ్ చేసే గ్లైడ్ లైబ్రరీ ఉందిగా, గడి సైజుకి అదే తగ్గిస్తుంది.

సుజాత: తగ్గించేదే, ఎవరో దాన్ని కాదని ఒరిజినల్ సైజే తెమ్మని ఓవర్‌రైడ్ పెట్టకపోతే. ఆ మహానుభావుడెవరా అని కోడ్ మార్పుల చిట్టా గిట్‌లో చూశాను. నువ్వే.

కిరణ్: ...జూమ్ చేస్తే మసగ్గా ఉందని క్లయింట్ అంటే పెట్టాలే.

సుజాత: జూమ్ చేసేది లోపలి స్క్రీన్‌లో కదా నాయనా, పెద్ద ఫోటో అక్కడ లోడ్ చెయ్.

కిరణ్: సరే, నీది కూడా ఒకటి చెప్పనా? పైన బ్యానర్ కూడా కలిసి కదలాలని రీసైక్లర్‌ని తీసుకెళ్లి అన్నిటినీ కలిపి స్క్రోల్ చేసే నెస్టెడ్ స్క్రోల్‌వ్యూలో పెట్టావు. దాంతో గ్రిడ్‌కి స్క్రీన్ హద్దు తెలీక, కనిపించే పదిహేను గళ్లు కాదు, 900 ఫోటోలకీ ఒకేసారి గళ్లు కట్టేస్తోంది. స్క్రీన్‌లో ఏమేం కట్టారో చూపించే లేఅవుట్ ఇన్‌స్పెక్టర్‌లో చూశా. ఇక వాడిన గడినే మళ్లీ వాడటం ఎక్కడ? కంపోజ్‌లో, నిలువుగా స్క్రోలయ్యే కాలమ్‌లో లేజీ గ్రిడ్‌ని ఎత్తు చెప్పకుండా ఇలా పెడితే యాప్ అక్కడే క్రాషయ్యేది, తప్పు మొదటి రోజే దొరికేది!

సుజాత: అది నిజమే, కాదనను. బ్యానర్‌ని గ్రిడ్‌లోనే మొదటి ఐటెమ్ చేసి గ్రిడ్ మూడు కాలమ్‌ల వెడల్పూ (స్పాన్) ఇచ్చేస్తా, స్క్రోల్‌వ్యూ పీకేస్తా. కానీ దానికి మొత్తం తిరగరాయక్కర్లేదు.

కిరణ్: అప్పటికీ జర్క్ ఉంటే?

సుజాత: 60 హెర్ట్జ్‌లో, అంటే తెర సెకనుకి 60 సార్లు మారితే, ఒక్కో ఫ్రేమ్‌కి ఉండేది 16 మిల్లీసెకన్లు. పాత ఫోన్‌లో, జనానికిచ్చే రిలీజ్ బిల్డ్‌తో కొలువు, మనం పరీక్షించుకునే నెమ్మది డీబగ్ బిల్డ్‌లో చూసి కంగారుపడకు. దాటితే కంపోజ్ మాట అప్పుడు ఎత్తు. నీ ఓవర్‌రైడ్, నా స్క్రోల్‌వ్యూ, రెండిటి దిద్దుబాట్లూ వేర్వేరు పీఆర్‌లుగా (కోడ్‌లో కలపమనే మార్పులుగా) పెడదాం, కలిపేస్తే దేనివల్ల తగ్గిందో మళ్లీ మనిద్దరం కొట్టుకోవాలి.