ఆలస్య రుసుము 200 డాలర్లు

అమెరికా కాంగ్రెస్ సభ్యుల్ని ఆడిపోసుకోవడం జనానికి మరీ అలవాటైపోయింది. (కాంగ్రెస్ అంటే చెయ్యి గుర్తు పార్టీ కాదు, అక్కడి పార్లమెంటు. చేతివాటం సంగతి తర్వాత.) ప్రభుత్వంలో లోపలి కబుర్లు ముందే విని షేర్లు కొంటారట, అమ్ముకుంటారట. ఎంత మాట! సరిగ్గా ఇలాంటి పని జరక్కూడదనే 2012 ఏప్రిల్ 4న ఒబామా సంతకంతో స్టాక్ యాక్ట్ అనే చట్టం వచ్చింది. సెనేట్‌లో 96-3, ప్రతినిధుల సభలో 417-2. తమ మెడ మీదికి తామే కత్తి తెచ్చుకున్న సభ్యుల్ని మెచ్చుకోకుండా ఈ నిందలేమిటి?

కత్తికి పదునెంత అంటారా? 1,000 డాలర్లు దాటిన షేర్ల లావాదేవీ ఏదైనా సరే, తెలిసిన 30 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో చెప్పెయ్యాలి. చెప్పకపోతే? ఇంకో 30 రోజులు ఓపిక పడతారు. అంటే 75వ రోజు దాకా ఎవరూ ఏమీ అనరు. అప్పటికీ కాగితం రాకపోతే 200 డాలర్లు వసూలు చేస్తారు. సభ్యుడి జీతం ఏడాదికి 1,74,000 డాలర్లు, రోజుకి 476. అంటే జరిమానా ఒక పూట జీతం కూడా కాదు. అదీ బరువనిపిస్తే మాఫీ చెయ్యమని ఎథిక్స్ కమిటీని వేడుకోవచ్చు. కమిటీలో కూర్చునేది తోటి సభ్యులే కాబట్టి దయాదాక్షిణ్యాలకు లోటుండదు.

ఇక లావాదేవీల సంగతి రాసిచ్చే ఆ ఫారం చూడముచ్చటగా ఉంటుంది. ఓనర్ గడిలో ‘ఎస్పీ’ అని కనిపిస్తే జిల్లా పోలీసు బాసు అనుకుని కంగారు పడకండి. స్పౌజ్, అంటే ఇంటావిడో ఇంటాయనో. ‘డీసీ’ అంటే డిప్యూటీ కలెక్టరు కాదు, సభ్యుడి మీద ఆధారపడిన సంతానం. ‘జేటీ’ అంటే ఉమ్మడి. మన ఊళ్లో ఇంట్లోవాళ్ల పేరు మీద కొంటే బినామీ అని నోరు చేసుకుంటాం. అక్కడ రెండక్షరాలు వేస్తే మర్యాద నిలబడుతుంది.

అసలు అందం విలువ గడిలో ఉంది. ఎంతకి అమ్మారో రాయక్కర్లేదు, ఎంతకీ ఎంతకీ మధ్యో టిక్కు పెడితే చాలు. 1,001 నుంచి 15,000, ఆ పైన 50,000 దాకా, ఆ పైన లక్ష దాకా... అలా పోగాపోగా 10 లక్షల నుంచి 50 లక్షల డాలర్ల దాకా అంతా ఒకే గడి. ఆస్తి అచ్చంగా ఎస్పీగారిదో డీసీగారిదో అయితే ‘10 లక్షల పైన’ అనే ఒక్క టిక్కుతో సరి. అది 11 లక్షలో 11 కోట్లో ఆ దేవుడికి తెలియాలి. ఫారం చేత్తో రాసి ఇచ్చినా పుచ్చుకుంటారు, కాబట్టి కొన్నిసార్లు దేవుడికీ కష్టమే.

ఈ గడుల మహిమ 2020లో తెలిసింది. సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్ రిచర్డ్ బర్ ఫిబ్రవరి 13న, కరోనా దెబ్బకి మార్కెట్ కుప్పకూలడానికి వారం ముందు, 33 లావాదేవీల్లో షేర్లు వదిలించుకున్నారు. మొత్తం విలువ? 6,28,000 డాలర్లకీ 17,20,000 డాలర్లకీ మధ్య ఎక్కడో. అంటే పది లక్షల డాలర్లకు పైగా సొమ్ము అంకెల సందులో ఇరుక్కుపోయింది. ఎఫ్‌బీఐ ఆయన ఫోను పట్టుకెళ్లింది, ఆయన ఛైర్మన్ పదవి నుంచి తప్పుకున్నారు, చివరికి కేసు పెట్టకుండానే ఫైలు మూసేశారు. ఆయన్ని ద్వంద్వనీతి అని తిట్టడానికి మాత్రం వీల్లేదు. 2012లో వ్యతిరేకంగా ఓటేసిన ఆ ముగ్గురిలో ఆయనొకరు.

మరి జైలుకెళ్లిన సభ్యుడే లేడా అంటే, ఉన్నాడు. న్యూయార్క్ రిపబ్లికన్ క్రిస్ కాలిన్స్‌కి 26 నెలలు పడింది. కానీ ఆయన చేరవేసింది తాను బోర్డులో కూర్చున్న మందుల కంపెనీ రహస్యం, ప్రభుత్వానిది కాదు. 2020 అక్టోబర్‌లో లోపలికెళితే డిసెంబర్‌లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టేశారు. స్టాక్ యాక్ట్ కిందైతే ఇన్నేళ్లలో ఏ సభ్యుడికీ శిక్ష పడలేదు. ఇంతకన్నా నేరరహిత వీధి ఎక్కడుంటుంది?

చట్టంలో మొదట ఓ ప్రమాదకరమైన క్లాజు ఉండేది: ఈ వివరాలన్నీ ఇంటర్నెట్‌లో వెతుక్కునే డేటాబేసుగా పెట్టాలని. ఏడాది తిరిగేసరికి, 2013 ఏప్రిల్‌లో, చర్చ లేకుండా దాన్ని తీసేశారు. సెనేట్‌లో 10 సెకన్లు, సభలో 14 సెకన్లు పట్టింది. రెండు పార్టీలూ ఇంత అన్యోన్యంగా ఉండటం అరుదు. కాంగ్రెస్‌లో సీనియర్ సిబ్బంది కాగితాలు చూడాలంటే ఇప్పుడు పేరు, వృత్తి, చిరునామా రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తును ఎవరైనా చూడొచ్చు. ఆ మాత్రం పారదర్శకత ఉండాలిగా.

సిలికాన్ వ్యాలీలో కోడు రాసుకునే మన కుర్రాడు, జీతంలో భాగంగా వచ్చిన సొంత కంపెనీ షేర్లు అమ్ముకోవాలంటే చాలా కంపెనీల్లో ట్రేడింగ్ విండో, అంటే అమ్ముకోవచ్చని కంపెనీ చెప్పే రోజులు, తెరిచేదాకా ఆగాలి. మార్కెట్‌ని కాపలా కాసే ఎస్‌ఈసీలో గుమాస్తా అయినా ముందే అనుమతి తీసుకోవాలి, కొన్నాక ఆరు నెలలు కదపకూడదు. వాళ్లవన్నీ ప్రమాదకరమైన ఉద్యోగాలు మరి. యుద్ధానికి డబ్బు, మందులకి ధర, చిప్పులకి సబ్సిడీ తేల్చేవాళ్ల దగ్గర కబుర్లేముంటాయి?

ఇది రిపబ్లికన్ల రోగమని చంకలు గుద్దుకునే మా ఎడమ పక్కవాళ్లకి, అంటే వామపక్షం వారికి, ఒక మాట. సభ్యుల్ని షేర్ల జోలికి పోనివ్వొద్దా అని 2021 డిసెంబర్‌లో అడిగితే, మనది స్వేచ్ఛా మార్కెట్, వాళ్లూ పాల్గొనాలి అన్నది డెమొక్రాట్ స్పీకర్ నాన్సీ పెలోసీయే. తర్వాత మెత్తబడ్డారనుకోండి.

వాల్ స్ట్రీట్ మాత్రం ఈ రచ్చలో కాలం వృథా చేసుకోలేదు. 2023 ఫిబ్రవరిలో రెండు ఫండ్లు మార్కెట్లోకి వచ్చాయి. డెమొక్రాట్లు కొన్నవి కొనేదానికి అప్పుడు పెట్టిన గుర్తు ‘నాన్క్’, రిపబ్లికన్లు కొన్నవి కొనేదానికి ‘క్రూజ్’. నాన్సీ పెలోసీనీ, రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్‌నీ తలుచుకుని ఆ పేర్లు పెట్టారని వేరే చెప్పక్కర్లేదు. వాటికొక్కటే ఇబ్బంది, సభ్యుల కాగితం బయటికొచ్చాక గాని కొనలేవు. ఆ ఆలస్యం వల్ల నష్టపోయినవాళ్లకి మాఫీ చేసే కమిటీ ఏదీ లేదు.