‘ఒక కప్పు’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ, డైట్ చార్టులో మధ్యాహ్నం గడిలో ‘ఒక కప్పు అన్నం’గానూ, పక్క గడిలో ‘ఒక కప్పు పప్పు’గానూ, రాత్రి గడిలో ‘ఒక కప్పు పెరుగు’గానూ వేంచేసియున్న ఒక కప్పు గారి దివ్య సముఖమునకు,

నిన్న ఆదివారం మధ్యాహ్నం తమరి పుణ్యమా అని పప్పు చల్లారింది, అన్నం గట్టిపడింది. ఇద్దరు మనుషులు వంటగట్టు మీద గిన్నెలన్నీ వరసగా పెట్టుకుని, ఇందులో తమరెవరో తేల్చుకోలేక, చివరికి ఒకరి మీద ఒకరు అలిగారు. బరువు తగ్గిస్తానంటూ డైటీషియన్ గారు ‘దంపతుల ప్రత్యేక ప్యాకేజీ’ అని డబ్బు కట్టించుకుని ఇచ్చిన కాగితం అది. అందులో తమరి పేరు అడుగడుగునా ఉంది. తమరి కొలత మాత్రం ఎక్కడా లేదు.

తమరి బంధువర్గం సంగతి తమరికి తెలియనిది కాదు. టీ తాగే కప్పుకు 120 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పుకు 180. కేకుల కోసం కొన్న కొలత కప్పుకు 240. కూర వడ్డించుకునే స్టీలు గిన్నెకు 150 నుంచి 200 దాకా, ఏ పెళ్ళిలో చదివించారన్నదాన్ని బట్టి. ఇంతమందిలో చార్టు రాసినావిడ మనసులో ఉన్నది ఎవరో తమరైనా సెలవివ్వలేదు.

పోనీ పాత్ర తేలిందనుకుందాం, 240 అనుకుందాం. తరవాతి ప్రశ్న: బియ్యమా, అన్నమా? ఆ కప్పు నిండా సోనామసూరి బియ్యం పోస్తే దాదాపు 190 గ్రాములు, అంటే 670 కిలోకెలరీలు. అదే కప్పులో వండిన అన్నం వదులుగా వేస్తే 160 గ్రాములు, 210 కిలోకెలరీలు. మూడింతల పైన తేడా. బరువు తగ్గాలని చేసే కసరత్తంతా రోజుకు నాలుగైదు వందల కిలోకెలరీల వ్యవహారం. ఒక్క కప్పులోనే 460 అటో ఇటో అయ్యాక ఇంక మిగిలేదేముంది?

అన్నమే అనుకుందాం. తలకొట్టా, గోపురమా? హస్తం గరిటెతో తీసి ఒక్కసారి నొక్కితే అదే కప్పులో 220 గ్రాములు పడుతుంది. అందులోనూ పాత బియ్యం నీళ్ళు ఎక్కువ పీలుస్తాయి, కొత్తవి తక్కువ. వంద గ్రాముల బియ్యం ఒక ఇంట్లో 250 గ్రాముల అన్నమైతే ఇంకో ఇంట్లో 320 అవుతుంది. ఎసరు పెట్టడం దగ్గరే తమరి లెక్క తప్పిపోయింది.

మన పెద్దవాళ్ళ గిద్ద, సోల, తవ్వ, మానికలకు ఈ తెగులు లేదు. అవి బియ్యానికి కొలతలు, అన్నానికి కాదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. డబ్బాలోంచి తీసేటప్పుడే ఎంతమందికి ఎంతో తేలిపోయేది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల్లో కూడా అంకెలు వంద గ్రాములకే ఉంటాయి, వండని సరుకు మీదే ఉంటాయి. అక్కడినుంచి చార్టు దాకా వచ్చేలోపు గ్రాములను దారిలో దింపేసి తమరెప్పుడు ఎక్కారు స్వామీ?

సరే, ఇదంతా సహించవచ్చు. సహించలేనిది ఒకటుంది. ఆయనకూ ఒక కప్పే, ఆవిడకూ ఒక కప్పే!

నలభయ్యేళ్ళ మగమనిషి, 82 కిలోలు, 173 సెంటీమీటర్లు. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడమనిషి, 68 కిలోలు, 157 సెంటీమీటర్లు. ఇద్దరూ కూర్చుని చేసే ఉద్యోగాలే. ఒళ్ళు కదపకపోయినా అయ్యే ఖర్చును బరువు, ఎత్తు, వయసులను బట్టి చెప్పే మిఫ్లిన్ సూత్రం వేసి, ఆ వచ్చినదాన్ని కూర్చుని చేసే పనికని 1.4తో హెచ్చిస్తే ఆయనకు రోజుకు సుమారు 2,390 కిలోకెలరీలు ఖర్చు, ఆవిడకు 1,830. తేడా 560. ఇప్పుడు చార్టు ఇద్దరికీ తలా 1,800 అని రాసింది. ఆయన దిగుతాడు. ఆవిడ అదే కప్పు తిని, అదే పప్పు తిని, పైగా వండి వడ్డించి, నెల తిరిగేసరికి ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు ఇంట్లో వినపడే మాట, ‘నువ్వు సరిగ్గా పాటించట్లేదేమో’. పాటించింది! అక్షరం పొల్లుపోకుండా పాటించింది! తప్పు నీది. నీకు ‘గారు’ తగిలించడం ఇక్కడితో ఆపేస్తున్నాం.

పైగా వండిన మనిషి ఉప్పు చూసిన చెంచాలు, పారేయబుద్ధి కాక నోట్లో వేసుకున్న ఆఖరి ముద్ద, పిల్లలు వదిలేసిన అర ఇడ్లీ నీ లెక్కలోకి వచ్చాయా? ఎనభై గ్రాముల ముద్ద వంద కిలోకెలరీలు. అది ఎవరి కప్పు?

నిన్ను తీసేస్తే పని ఎంత తేలికో చూడు. గ్రాముల్లో చూపే చిన్న కిచెన్ తూకం ఒకటి చాలు. కుక్కర్‌లో పెట్టే గిన్నెను ఖాళీగా ఒకసారి తూచి, ఆ అంకెను మార్కర్‌తో తూకం వెనకాలే రాసుకోవాలి. గిన్నె మీద రాస్తే రెండు తోముళ్ళకు పోతుంది. ఇద్దరికీ మధ్యాహ్నానికి బియ్యం 200 గ్రాములు, అంటే 700 కిలోకెలరీలు. ఉడికాక గిన్నెతో సహా తూచి, రాసుకున్న అంకె తీసేయాలి. 560 వచ్చిందా? ఏడు వాటాలు చెయ్యి. ఆయనకు నాలుగు, ఆవిడకు మూడు, అంటే 320, 240. రేపు పాత బియ్యం వేస్తే 620 రావచ్చు. వాటాలు అవే, 354, 266. నీళ్ళు ఎన్ని పీల్చినా కెలరీల పంపకం మారదు. కంచాన్ని తూకం మీద పెట్టి సున్నా నొక్కి వడ్డిస్తే అర నిమిషం పని. ఒకటే వంట, ఒకటే గిన్నె. ఆయనకో వంట ఆవిడకో వంట అక్కర్లేదు. వండాకే తూచాలి అనుకోవడం, గిన్నె బరువు తీసేయడం మరిచిపోవడం, ఈ రెండు చోట్లే లెక్క తప్పేది.

పప్పు దగ్గర నీ వేషాలు ఇంకా ఘోరం. గట్టి ముద్దపప్పు 200 మిల్లీలీటర్ల గిన్నె నింపితే అందులో కందిపప్పు 65, 70 గ్రాములుంటుంది. అదే గిన్నె నిండా పప్పుచారు పోస్తే పది, పదిహేను. రెండూ నీకు ‘ఒక కప్పు పప్పు’! అన్నం తగ్గించమన్న మనిషికి ఆకలి ఆపేది ఆ పప్పులోని మాంసకృత్తులే కదా. వంద గ్రాముల కందిపప్పులో అవి సుమారు 22 గ్రాములు. పప్పుచారు తాగి ‘ప్రోటీన్ అయిపోయింది’ అని చార్టులో టిక్కు పెట్టుకున్నవాళ్ళే సాయంత్రం అయిదింటికి మిరపకాయ బజ్జీల బండి దగ్గర తేలతారు. పూటకు ఇద్దరికీ కలిపి 80 గ్రాముల కందిపప్పు పచ్చిగా తూచి వేసుకుని, ఆ తరవాత తోటకూర కలిపినా, దోసకాయ కలిపినా, ఎంత పల్చన చేసినా దిగులు లేదు, మొత్తం ఇద్దరి కడుపుల్లోకే పోతుంది కనుక.

నీ తమ్ముడు ‘తగినంత నూనె’కు రెండు మాటలు. టీ చెంచా నూనె 40 కిలోకెలరీలు. పోషకాహార సంస్థవాళ్ళ 2,000 కిలోకెలరీల నమూనా పళ్ళెంలో రోజంతటికీ నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. ఆవాలు చిటపటలాడాలంటే నూనెలో మునగాలి. వెడల్పు మూకుట్లో అందుకు మూడు చెంచాలు కావాలి, లోతైన పోపు గరిటెలో ఒకటిన్నర సరిపోతుంది. దొండకాయ ముక్కల్ని ముందు ఏడెనిమిది నిమిషాలు ఆవిరి మీద పెట్టి, తరవాత ఇనప మూకుట్లో రెండు చెంచాల నూనెతో మూత పెట్టకుండా వేయిస్తే వేపుడే అవుతుంది. వంకాయ అలా కాదు. దాని కండంతా గాలి గదులు, పచ్చిగా వేస్తే నూనె ఎంత పోసినా పీల్చేస్తుంది. దాన్ని ముందు ఉడికించాలి, లేదా నిప్పుల మీద కాల్చి పచ్చడి చేసుకోవాలి. కొర్రలు ‘రెండు కప్పులు’ అని రాసిన మహానుభావులకు కూడా నమస్కారం. వండకముందు వంద గ్రాములకు కొర్రలూ బియ్యమూ కెలరీల్లో దాదాపు ఒకటే. పీచు ఎక్కువ, అంతే.

నడక గడిలో కూడా నీ బుద్ధే. ‘ఇద్దరూ కలిసి 30 నిమిషాలు.’ ఏ వేగంతో? ఆయన అంగకు ఆవిడ పరుగెత్తాలి, ఆవిడ అంగకు ఆయన షికారు చేయాలి. పరీక్ష సులువు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆడపడుచు పెళ్ళి ఖర్చుల మీద అరగంటా ఆగకుండా వాదించుకోగలిగారంటే వేగం చాలదన్నమాట. కలిసి గేటు దాటి, పార్కులో ఎవరి వేగంతో వాళ్ళు తిరిగి, చివరి రౌండు కలిసి వేస్తే చాలు. ఆ అరగంటకు ఖర్చయ్యేది కూడా 120 నుంచి 140 కిలోకెలరీలే, కూర్చుని ఉన్నా అయ్యే ఖర్చుతో కలిపి. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి వ్యాయామంతో పాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పన్నెండుసార్లు లేవడం, గోడకు పుషప్స్, అయిదు కిలోల బియ్యం సంచి పట్టుకుని నడుం వంచకుండా తుంటి దగ్గర వంగి లేవడం. మూడేసి విడతలు. జిమ్ ‘కపుల్ ఆఫర్’ లేకపోయినా సంచి బరువు అంతే ఉంటుంది.

ఇంక మొదటి వారంలో ఆయనకు రెండు కిలోలు తగ్గిందని వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫొటో. అందులో ఎక్కువ భాగం నీళ్ళు. అన్నం తగ్గగానే కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ కరుగుతుంది, దానితో పాటు మూడింతల నీళ్ళూ పోతాయి. ఆవిడ ఒంట్లో నెలసరికి ముందు నీళ్ళు చేరి కిలో, కిలోన్నర పెరగడమూ అలాంటిదే. ఆవిడ ఈ వారం బరువును పోల్చాల్సింది పోయిన నెల ఇదే వారంతో, పక్కనున్న మొగుడితో కాదు. ఈ ఒక్క ముక్క ప్యాకేజీలో రాసి ఉంటే ఎన్ని ఇళ్ళలో రాత్రి భోజనం ప్రశాంతంగా జరిగేదో!

నిన్ను పారేయం. అంత కఠినులం కాదు. 180 మిల్లీలీటర్లవాడివి పెరుగు తోడుకు పనికొస్తావు. 240వాడివి దోసెల పిండిలో నీళ్ళు పోసుకోవడానికి ఉండు. కాకపోతే కంచం దగ్గరికి రాకు.

ఇట్లు,
ఒకే గిన్నెలో వండుకుని వేరువేరుగా తూచుకునే ఇద్దరు

తా.క.: సాయంత్రం గడిలోని ‘గుప్పెడు బాదం’ గారికి కూడా ఈ లేఖ నకలు పంపుతున్నాం. ఆయన గుప్పెట్లో 35 గ్రాములు పడుతున్నాయి, ఆవిడ గుప్పెట్లో 22. వంద గ్రాములు 600 కిలోకెలరీలు. ఎవరి గుప్పెడో తిరుగుటపాలో తెలియజేయగలరు.